చీకట్లో పచ్చబడిన బ్లాకు: పెళ్లి దండల పనికి రెసిన్ ఎంపిక, ఒక కేస్ స్టడీ

నేపథ్యం

ఈ యూనిట్ తెలంగాణలోని ఒక జిల్లా కేంద్రంలో ఇంటి పైగదిలో నడుస్తుంది. పెళ్లి దండలను ఎపాక్సీ రెసిన్‌లో పోసి బ్లాకులుగా ఇవ్వడం ప్రధానమైన పని. దండతో పాటు తలంబ్రాలు, బాసికం, శుభలేఖ ముక్క పెట్టమని అడిగేవాళ్లూ ఉంటారు. అప్పుడప్పుడు ట్రేలు, గడియారాలు, గేటుకు తగిలించే నేమ్ బోర్డులు కూడా చేస్తారు. గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ ఇక్కడ తీసేశాం. వాడిన రెసిన్ల పేర్లు కూడా ఇవ్వడం లేదు. ఎందుకంటే ఇక్కడ తేలిన విషయం ఏ కంపెనీది మంచిదన్నది కాదు. పైగా ఒకే లేబుల్ కింద కంపెనీలు ఫార్ములా మారుస్తూనే ఉంటాయి.

మామూలు బ్లాకు 25 సెం.మీ. పొడవు, 25 సెం.మీ. వెడల్పు, 5 సెం.మీ. మందం. లోపలి ఘనపరిమాణం 3,125 మి.లీ. పూలు ఆక్రమించేది పోగా దాదాపు మూడు కిలోల రెసిన్ పడుతుంది. ఈ పనిలో రంగు దాచుకునే చోటు ఉండదు. చెక్క పలకల మధ్య రెసిన్‌ను నదిలా పోసి చేసే నది టేబుల్‌లో నీలం పిగ్మెంట్ కింద కాస్త పసుపు ఉన్నా ఎవరికీ తెలియదు. తెల్ల లిల్లీ పూల చుట్టూ ఉన్న రెసిన్ కొంచెం తేడా వచ్చినా ఇంటికొచ్చిన చుట్టాలే ముందు చెప్పేస్తారు.

వాళ్లు వాడుతున్నది మార్కెట్లో ఎక్కువగా దొరికే 2:1 కోటింగ్ రెసిన్, అంటే రెండు పాళ్ల రెసిన్‌కు ఒక పాలు హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం) కలిపి పల్చటి పొరలుగా పోసే రకం. డబ్బా మీద ‘క్రిస్టల్ క్లియర్, నాన్ యెల్లోయింగ్’ అని ఉంది.

వచ్చిన సమస్య

చలికాలం ముహూర్తాలకు చేసిన బ్లాకుల మీద వేసవి చివర్లో వరుసగా మూడు ఫిర్యాదులు వచ్చాయి. మొదటిది హాల్లో పడమటి కిటికీకి ఎదురుగా గోడకు పెట్టింది. రెండోది పూజగదిలో ఉంది. అక్కడ ఎండ పడదు, చిన్న ఎల్ఈడీ బల్బు ఒక్కటే వెలుతురు. మూడోది విదేశం వెళ్లిన దంపతులది. బబుల్ ర్యాప్ కూడా విప్పకుండా బీరువాలో పెట్టి వెళ్లారు. తిరిగొచ్చి విప్పితే పచ్చగా ఉంది.

యూనిట్ వాళ్లు మూడింటికీ ఎండే కారణం అనుకున్నారు. రెసిన్ అమ్మినతనూ అదే చెప్పి, ‘యాంటీ యూవీ’ అని రాసి ఉన్న ఇంకో ఖరీదైన కిట్ చూపించాడు. అసలు కీలకం మూడో బ్లాకులో ఉంది. వెలుతురే చూడని బ్లాకు పచ్చబడితే ఆ పసుపుకి ఎండతో సంబంధం లేదు. అలాంటప్పుడు యూవీ రక్షణ ఉన్న రెసిన్ కొన్నా ఆ బ్లాకు మళ్లీ అలాగే అవుతుంది.

మా దగ్గరికి వచ్చేలోపు చేసి చూసినవి

ముందు ‘యాంటీ యూవీ’ కిట్ కొని, పాత పద్ధతిలోనే 5 సెం.మీ. మందమూ ఒకేసారి పోశారు. అది కూడా కోటింగ్ రెసినే. పొరకు 6 మి.మీ. దాటొద్దని దాని డేటా షీట్‌లోనే ఉంది. పోసిన గంటలోపే మౌల్డ్ పట్టుకోలేనంత వేడెక్కింది. మర్నాడు విప్పితే మధ్యలో తేనెరంగు, పూల చుట్టూ నురగలాంటి బుడగలు, ఒక మూల పగులు. ఎండ తగలకముందే పచ్చబడిన బ్లాకు అది.

తర్వాత నీలం-ఊదా టింట్ కలిపారు. తెల్లబట్టలకు నీలిమందు పెట్టినట్టే ఇది కంటికి పసుపును తగ్గించి చూపిస్తుంది. తాజాగా ఉన్నప్పుడు బ్లాకు గాజులా కనిపించింది. ఆ కింద పసుపు పెరుగుతూనే ఉంటుంది కాబట్టి కొన్నాళ్లకు రెండూ కలిసి ఆకుపచ్చ ఛాయ వచ్చింది. అమ్మకానికి ఉన్న చాలా ‘వాటర్ క్లియర్’ రెసిన్లలో ఈ టింట్ ముందే కలిపి ఉంటుంది. పార్ట్ ఎ (రెసిన్) డబ్బాను తెల్లకాగితం మీద పెట్టి పైనుంచి లోతుగా చూస్తే లేత ఊదా కనిపిస్తుంది. అది తప్పేమీ కాదు. అయితే కొత్తగా పోసిన నమూనా ఎంత తెల్లగా ఉందో చూసి రెసిన్‌ను ఎంచుకుంటే మోసపోయేది ఇందువల్లే.

చివరికి హార్డ్‌వేర్ షాపులో దొరికే అక్రిలిక్ స్ప్రే లక్క కొట్టారు. రెండు మూడు వారాల్లో పొరలుగా లేచిపోయింది. దాని కారణం కింద వస్తుంది.

పసుపు ఎక్కడుందో ముందు చూడాలి

రెసిన్ ఏది మార్చాలన్న ప్రశ్నను పక్కనపెట్టి, మూడు బ్లాకులనూ తెల్ల టైల్ మీద పెట్టి ముఖం వైపు నుంచి కాకుండా అంచు వైపు నుంచి చూశాం. ముఖం వైపు 5 సెం.మీ. మందం గుండా కనిపించే రంగు, అంచు వైపు 25 సెం.మీ. గుండా చూసినప్పుడు చాలా చిక్కగా తెలుస్తుంది. ఏ పొరలో ఉందో కూడా తెలుస్తుంది.

కిటికీ ఎదుటి బ్లాకులో కిటికీ వైపు ముఖాన సన్నటి గీతలా పసుపు. వెనక భాగం చాలావరకు శుభ్రంగా ఉంది. ఒక మూలను 180 నంబరు ఎమరీతో అర మిల్లీమీటరు దాకా అరగదీస్తే అక్కడ రంగు దాదాపు పోయింది. ఇది యూవీ పసుపు. మామూలు ఎపాక్సీ బిస్ఫినాల్-ఎ నుంచి వస్తుంది. అందులోని ఆరోమాటిక్ వలయాలు యూవీని పీల్చుకుని, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి రంగున్న పదార్థాలుగా మారతాయి. యూవీ లోపలికి పెద్దగా దిగదు, ఆక్సిజన్ కూడా అంతే. అందుకే మార్పు పైపొరలోనే ఉంటుంది. కిటికీ అద్దం ఆపేస్తుంది కదా అంటారు. మామూలు అద్దం యూవీ-బిని ఆపుతుంది, యూవీ-ఎలో ఎక్కువ భాగాన్ని వదిలేస్తుంది.

అరగదీసిన చోట కూడా ఇంకా లేత పసుపు మిగిలింది. అది మూడో బ్లాకు చూశాక అర్థమైంది.

బీరువా బ్లాకులో పసుపు అన్ని వైపులా ఒకేలా ఉంది. ఎంత అరగదీసినా తగ్గలేదు. గోరుతో గట్టిగా నొక్కితే గీత పడింది. నెలల తర్వాత కూడా గోరు దిగుతోందంటే కొలతల మీదే అనుమానం రావాలి. ఎలా కలుపుతారో చూపించమన్నాం. వంటింటి తూకం మీద రెసిన్ 100 గ్రాములకు హార్డెనర్ 50 గ్రాములు. డబ్బా మీద ఉన్న 2:1 వాల్యూమ్‌కి, అంటే మి.లీ.ల లెక్కకు. రెసిన్ సాంద్రత 1.13, హార్డెనర్ సాంద్రత 0.97 అని డేటా షీట్‌లో ఉంది. రెండు మి.లీ. రెసిన్ 2.26 గ్రాములు, ఒక మి.లీ. హార్డెనర్ 0.97 గ్రాము. తూకంలో 100 గ్రాములకు పడాల్సింది 43 గ్రాములే. వీళ్లు పోస్తున్న 50 దానికంటే దాదాపు ఆరో వంతు ఎక్కువ. చర్యకు జత దొరకని అమీన్ (హార్డెనర్‌లోని అసలు రసాయనం) బ్లాకులోనే ఉండిపోయి, చీకట్లో కూడా మెల్లగా ఆక్సీకరణ చెంది పచ్చబడుతుంది, బ్లాకును మెత్తగా కూడా ఉంచుతుంది. ఎక్కువ హార్డెనర్ వేస్తే త్వరగా గట్టిపడుతుందనే నమ్మకం ఈ పనిలో ఇంకా ఉంది. పాలియెస్టర్ రెసిన్‌కు వేసే క్యాటలిస్ట్ అలవాటు ఇక్కడికి వచ్చేసింది. ఎపాక్సీలో హార్డెనర్ క్యాటలిస్ట్ కాదు, అణువుల లెక్కన కలవాల్సిన సగం సరుకు.

హార్డెనర్ డబ్బా కూడా చూశాం. అయిదు లీటర్ల క్యాన్ తెరిచి నెలల తరబడి వాడుతున్నారు, సగం ఖాళీ. గాజు గ్లాసులో పోసి తెల్లకాగితం ముందు పెడితే పల్చటి టీ డికాక్షన్ రంగులో ఉంది. కొత్త సీల్డ్ బాటిల్‌లోది నీళ్లలా ఉంది. అమీన్ గాలిలో ఆక్సిజన్‌ను, కార్బన్ డయాక్సైడ్‌ను, తేమను పట్టుకుంటుంది. రంగు మారిన హార్డెనర్ వాడితే బ్లాకు పుట్టుకతోనే పసుపు. దీనికి ఏ యూవీ స్టెబిలైజరూ మందు కాదు.

పూజగది బ్లాకు అన్నిటికంటే చిక్కుగా ఉంది. ముందు వైపు శుభ్రం, వెనక వైపు శుభ్రం, మధ్యలో పూల గుత్తి చుట్టూ అంబర్ రంగు. ఇది వేడి పసుపు. గట్టిపడే చర్య వేడిని వదులుతుంది, రెసిన్ వేడిని బాగా బయటకు పోనివ్వదు, మందం పెరిగేకొద్దీ మధ్యభాగం ఉడికిపోతుంది. పూలలో మిగిలిన తేమ ఆ వేడికి ఆవిరై బుడగలైంది. ఇంతవరకు తేలికగానే తెలిసింది. అయితే దిగువన, తలంబ్రాలు పరిచిన చోట, ప్రతి గింజ చుట్టూ వేరే రకం పసుపు ఉంది. నిమ్మపండు రంగులో మొదలై గింజ దగ్గర నారింజకు తిరిగింది. అది రెసిన్ పసుపు కాదు, వంటింటి పసుపే. తలంబ్రాల పసుపులోని కర్కుమిన్ గట్టిపడని రెసిన్‌లోకి కరిగి పాకింది. హార్డెనర్ క్షారగుణం తగిలి ఎర్రబారింది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడే గుణమే ఇది. రెసిన్ పసుపు ఎండలో పెరుగుతుంది, కర్కుమిన్ పసుపు ఎండలో వెలుస్తుంది. రెండింటినీ విడదీయడానికి ఇంతకంటే తేలికైన పరీక్ష లేదు.

ఎంపిక: ఏయే రెసిన్లను పోల్చాం, ఎందుకు

తేలిన కారణాల్లో రెండింటికి రెసిన్ మార్చాల్సిన అవసరమే లేదు. తూకం సరిచేయాలి, హార్డెనర్ నిల్వ మార్చాలి. కానీ 5 సెం.మీ. పోతకు కోటింగ్ రెసిన్ పనికిరాదు కాబట్టి ఎలాగూ కొత్తది వెతకాలి. లేబుల్ మీద ఏముందో వదిలేసి, ప్రతి అమ్మకందారు దగ్గరా సేఫ్టీ డేటా షీట్, టెక్నికల్ డేటా షీట్ రెండూ తీసుకున్నాం. టెక్నికల్ షీట్ రంగు, మందం, నిష్పత్తి చెబుతుంది. లోపల ఏ రసాయనాలున్నాయో సేఫ్టీ షీట్ మూడో విభాగంలో ఉంటుంది. చాలామంది చూడనిది అదే.

పాత కిట్ హార్డెనర్‌లో నోనైల్‌ఫినాల్, ట్రైఇథిలీన్ టెట్రామీన్ ఉన్నాయి. రెండోది చవకైన, చురుకైన అమీన్. త్వరగా గట్టిపడుతుంది, త్వరగా పచ్చబడుతుంది. మొదటిది చర్యను వేగపరుస్తుంది, ఫినాల్ కావడంతో తానే ఆక్సీకరణ చెంది రంగు తెస్తుంది. ‘యాంటీ యూవీ’ కిట్‌లో ఐసోఫోరోన్ డయామీన్, బెంజైల్ ఆల్కహాల్ ఉన్నాయి. రంగు విషయంలో ఇది పాతదానికంటే నయం. కానీ వేడి ఎక్కువ, తేమ రోజుల్లో పైన జిడ్డు పొర వస్తుంది. యూవీ అబ్జార్బర్ ఉందో లేదో, ఉంటే ఏదో అడిగితే అమ్మకందారు దగ్గర జవాబు లేదు.

మూడోది డీప్ పోర్ రెసిన్, అంటే మందంగా పోయడానికి చేసిన రకం. హార్డెనర్ పాలీఈథర్ అమీన్, తూకంలో 100కు 32. ఈ సంఖ్య ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకుంటే డేటా షీట్‌లో అచ్చుతప్పులు కూడా పట్టుకోవచ్చు. మామూలు బిస్ఫినాల్-ఎ రెసిన్ ఎపాక్సీ తుల్యభారం (చర్యలో కలిసే ఒక్కో చోటుకు పడే బరువు) 187 దగ్గర, ఈ అమీన్ క్రియాశీల హైడ్రోజన్ తుల్యభారం 60. అరవైని వందతో గుణించి 187తో భాగిస్తే 32. ఈ అమీన్ నిదానం. వేడిని గంటల మీద పంచి వదులుతుంది. సహజంగానే రంగు తక్కువ. ఈ కిట్‌లో బెంజోట్రయజోల్ రకం యూవీ అబ్జార్బర్, హాల్స్ (ఎండ దెబ్బను ఆపే అమీన్ రకం స్టెబిలైజర్) రెండూ ఉన్నాయని షీట్‌లో రాసిచ్చారు. అబ్జార్బర్ యూవీని తాను పీల్చుకుంటుంది. హాల్స్ ఆ తర్వాత పుట్టే ఫ్రీ రాడికల్స్‌ను కట్టేస్తుంది, పని చేసి మళ్లీ తయారవుతుంది. రెండూ కలిసి ఉంటేనే ఫలితం బాగుంటుంది. ఏ ఒక్కదాని పేరు చెప్పి ‘యూవీ ప్రూఫ్’ అంటే నమ్మక్కర్లేదు.

నాలుగోది హైడ్రోజనేటెడ్ బిస్ఫినాల్-ఎ రెసిన్. ఆరోమాటిక్ వలయాలే ఉండవు కాబట్టి యూవీని పట్టుకునే చోటే తక్కువ. రంగు నిలకడలో దీన్ని మించింది ఈ నాలుగింటిలో లేదు. ధర చాలా ఎక్కువ, అమీన్‌తో చర్య నిదానం. చలికాలం గది చల్లగా ఉంటే రోజుల తరబడి రబ్బరులా ఉండిపోతుంది.

పరీక్ష కోసం ఒక్కోదానితో 10 సెం.మీ. చదరంగా, ఒక సెం.మీ. మందంగా పలకలు పోయించాం. ఒక్కో పలకకు దాదాపు 110 గ్రాములు. పూలు పెట్టలేదు, టింట్ కలపలేదు. ప్రతి పలకలో సగానికి అల్యూమినియం ఫాయిల్ చుట్టి నల్ల టేపు వేయించాం. ఒక్కో రకంలో ఒక పలక మేడ మీద దక్షిణానికి వాల్చి, ఒకటి పడమటి కిటికీ లోపల అద్దం వెనుక, ఒకటి చీకటి అల్మరాలో, ఇంకొకటి మూతపెట్టిన స్టీలు డబ్బాలో మేడ మీదే. ఈ చివరిది ముఖ్యం. అందులో వెలుతురు ఉండదు, ఎండాకాలపు వేడి మాత్రం ఉంటుంది. వేడికి వచ్చే పసుపు, వెలుతురుకు వచ్చే పసుపు అక్కడ విడిపోతాయి. వేసవి దాటేదాకా ఉంచాలి, పక్షం రోజులకే తీర్పు చెప్పకూడదు.

ఫోను ఫొటోలతో పోల్చాలని వాళ్లు అనుకున్నారు. ఫోను ప్రతి ఫొటోకీ తెలుపును తనే సర్దుతుంది, దాంతో పసుపు మాయమవుతుంది. పాత పలక, కొత్త పలక, ఒక తెల్ల టైల్ ముక్క మూడూ ఒకే ఫ్రేములో ఉంటేనే ఆ ఫొటోకు విలువ. ల్యాబ్‌లో అయితే ఏఎస్‌టీఎం ఇ313 ప్రకారం యెల్లోనెస్ ఇండెక్స్ కొలుస్తారు. ఈ అవసరానికి అంచు వైపు చూపు చాలింది.

ఫలితాల్లో పాత కిట్ అన్ని చోట్లా ముందుగా పోయింది, డబ్బాలో చీకట్లో ఉన్నది కూడా. ‘యాంటీ యూవీ’ కిట్ చీకట్లో బాగానే నిలిచింది. మేడ మీద మాత్రం ఫాయిల్ తీస్తే రెండు సగాల మధ్య గీత కొట్టొచ్చినట్టు కనిపించింది. డీప్ పోర్ రకం కిటికీ వెనుక దాదాపు మారలేదు, మేడ మీద లేత పసుపు తిరిగింది. హైడ్రోజనేటెడ్ రకం నాలుగు చోట్లా తెల్లగా నిలిచింది.

ఇక్కడ ఒక ఆలోచన వచ్చింది. యూవీ దెబ్బ పైపొరకే కాబట్టి లోపల డీప్ పోర్ పోసి, పైన మూడు మి.మీ. మాత్రం ఖరీదైన హైడ్రోజనేటెడ్ పోస్తే సరిపోతుంది కదా అని. వినడానికి బాగుంది. కానీ ఆ రెసిన్ పచ్చబడకపోవడానికి కారణం అది యూవీని పీల్చకపోవడం. పీల్చకపోతే కిందికి వదులుతుంది. కింద ఉన్న బిస్ఫినాల్-ఎ పొర ఎప్పటిలాగే పచ్చబడుతుంది. పైపొర పని చేయాలంటే అందులో అబ్జార్బర్ ఉండాలి. అలా ఉండేటప్పుడు ఆ పొర ఎపాక్సీయే కానక్కర్లేదు. అందుకే పైపొరకు కార్లకు వేసే రెండు భాగాల అలిఫాటిక్ పాలీయురేథేన్ క్లియర్ కోట్ ఎంచుకున్నాం. ఎండలో నిలవడానికే తయారైన సరుకు, అబ్జార్బర్, హాల్స్ రెండూ ఉంటాయి, ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది.

చివరికి కుదిరిన పద్ధతి

తూకానికి 0.1 గ్రాము చూపే మిషన్ కొన్నారు. ఒక గ్రాము తేడా చూపే వంటింటి తూకం మీద 15 గ్రాముల హార్డెనర్ తూస్తే, ఒక గ్రాము అటూఇటూ అయినా ఏడు శాతం తప్పు. నిష్పత్తి ఎప్పుడూ తూకంలోనే, డేటా షీట్‌లోని తూకపు సంఖ్యతోనే. కలిపాక గిన్నె అంచులు, అడుగు గీకుతూ నాలుగైదు నిమిషాలు, తర్వాత ఇంకో శుభ్రమైన గిన్నెలోకి మార్చి మళ్లీ కలపాలి. మొదటి గిన్నె గోడలకు అంటుకున్న కలవని రెసిన్ ఎప్పుడూ ఉంటుంది. దాన్ని గీకి పోస్తే బ్లాకులో జిగురు చారలు వస్తాయి.

హార్డెనర్‌ను పెద్ద క్యాన్‌లో ఉంచకుండా, తెరిచిన రోజే అర లీటరు ప్లాస్టిక్ సీసాల్లోకి మెడ దాకా నింపి మూత బిగిస్తున్నారు. గాలికి చోటు ఉండదు. ప్రతి సీసా వాడేముందు గాజు గ్లాసు పరీక్ష.

పోత మూడు విడతలు. మొదట 2 సెం.మీ., దాని మీద పూలు అమర్చాక 2 సెం.మీ., చివర ఒక సెం.మీ. కిట్ డేటా షీట్ ఒకేసారి 5 సెం.మీ. పోయొచ్చని అంటుంది. అది 25 డిగ్రీల గదికి, పూలు లేని పోతకు రాసిన మాట. మన వేసవిలో పైగది 36 డిగ్రీలుంటే చర్య రెట్టింపుకు పైగా వేగంగా సాగుతుంది, వేడి బయటకు పోయే సమయం ఉండదు. కాబట్టి తెల్లవారుజామున పోయడం, జెల్ అయ్యేదాకా ఏసీ 25 దగ్గర ఉంచడం. కింది పొర మీద గ్లవ్ వేసిన వేలు ఆనిస్తే ముద్ర పడాలి, రెసిన్ వేలికి అంటకూడదు. ఆ దశలో తర్వాతి పొర పోస్తే రెండూ రసాయనికంగా అతుక్కుంటాయి, మధ్యలో గీత కనిపించదు. ఆ దశ దాటిపోతే పూర్తిగా గట్టిపడనిచ్చి, 220 ఎమరీతో గరుకు చేసి తుడిచి పోయాలి.

పూలను సిలికా జెల్‌లో ఆరబెడుతున్నారు. ఇన్ని రోజులని లెక్కపెట్టకుండా, రోజూ తూచి వరుసగా రెండు రోజులు తూకం మారకపోతేనే బయటకు తీయడం. వానాకాలంలో తీసిన పూలను గంటసేపు బయట ఉంచినా తేమ పీల్చుకుంటాయి. తీసిన వెంటనే రెసిన్‌ను బ్రష్‌తో పల్చగా పూసి ఆరనిస్తున్నారు. తలంబ్రాలకు ఆ పూత రెండుసార్లు. పసుపు పాకడం పూర్తిగా ఆగలేదు, చాలా తగ్గింది. అసలు మంచిది ఎండిన తలంబ్రాలను చిన్న గాజు సీసాలో సీల్ చేసి, ఆ సీసాను బ్లాకులో పెట్టడం. కొందరికి అది నచ్చుతుంది, కొందరికి గింజలు విడిగా తేలుతున్నట్టు కనిపించాలి.

క్లియర్ కోట్‌కు ముందు బ్లాకును వారం పూర్తిగా గట్టిపడనివ్వాలి. ఆ తర్వాతి మెట్టు చిన్నదే, స్ప్రే లక్క లేచిపోయింది అది లేకే. ఎపాక్సీ పైన అమీన్ తేలి, గాలిలోని తేమ, కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి మైనంలాంటి పొర కడుతుంది. వానాకాలంలో మరీ ఎక్కువ. వేలితో రాస్తే జారుతుంది. దాన్ని తుడవకుండా ఎమరీ పడితే గీతల్లోకి నూరుకుపోతుంది. ముందు గోరువెచ్చని నీళ్లు, స్క్రబ్ ప్యాడ్‌తో కడిగి ఆరబెట్టి, ఆ తర్వాత 320, 400 ఎమరీ, చివర ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవడం. అప్పుడు క్లియర్ రెండు కోట్లు, ఆరాక రెండూ కలిపి 50 మైక్రాన్లకు తగ్గకుండా. అబ్జార్బర్ ఎంత యూవీని ఆపుతుందన్నది పొర మందం మీద ఆధారపడుతుంది, పల్చటి ఒక్క కోటుతో సగం పనే అవుతుంది. పాలీయురేథేన్ హార్డెనర్‌లో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసైనేట్ ఉంటుంది. ఇంటి పైగదిలో గుడ్డ మాస్కుతో స్ప్రే చేయడానికి వీల్లేదు. బ్లాకులను బ్యాచులుగా కార్ పెయింటింగ్ షెడ్డుకు పంపి కొట్టిస్తున్నారు. ఖర్చు కలిసినా, మొత్తం హైడ్రోజనేటెడ్ రెసిన్‌తో పోయడం కంటే చాలా తక్కువే అయింది.

పాత మూడు బ్లాకుల సంగతి: కిటికీ ఎదుటిదాన్ని ముఖం అరగదీసి, క్లియర్ వేసి ఇచ్చారు. లేత పసుపు మిగిలింది, వాళ్లు ఒప్పుకున్నారు. మిగతా రెండింటికి చేయగలిగింది ఏమీ లేదు. లోపలి పసుపును బయటికి తీసే పద్ధతి లేదు, దండ మళ్లీ దొరకదు. డబ్బు వాపసు ఇచ్చారు.

గమనించాల్సినవి

రెసిన్ అడిగేటప్పుడు అమ్మకందారుకు వేయాల్సిన ప్రశ్నలు ఇప్పుడు మారాయి. హార్డెనర్‌లో ఏ అమీన్ ఉంది, ఫినాల్ రకం యాక్సిలరేటర్ ఉందా, తూకంలో నిష్పత్తి ఎంత, ఒక పొరకు గరిష్ఠ మందం ఏ ఉష్ణోగ్రత దగ్గర చెప్పారు, హార్డెనర్ తయారీ తేదీ ఏది, ద్రవాల పసుపును కొలిచే గార్డనర్ స్కేలు మీద రంగు ఒకటికి లోపు ఉందా. వీటికి కాగితం మీద జవాబివ్వలేనివాళ్ల దగ్గర డబ్బా మీద ఏం రాసున్నా మూడు కిలోల పోతకు కొనకూడదన్నది నా అభిప్రాయం. వాళ్లు చెడ్డ సరుకు అమ్ముతారని కాదు. రేపు ఫార్ములా మారినా మనకు తెలియదు.

డీప్ పోర్ రకానికి ఒక ప్రతికూలత ఉంది, ముందే చెప్పాలి. గది ఉష్ణోగ్రతలో గట్టిపడిన ఈ రకం 50 డిగ్రీల దగ్గరికి వస్తే మెత్తబడుతుంది. మే నెలలో కారు డిక్కీలో పెట్టుకుని ఊరెళితే బబుల్ ర్యాప్ గుండ్రాలు బ్లాకు మీద అచ్చుపడతాయి. డెలివరీ ఏసీ కారులోనో, సాయంత్రంపూటో.

పూల రంగు వేరే లెక్క. మల్లె, లిల్లీ ఎండేసరికే గోధుమ ఛాయకు వస్తాయి. ఎర్ర గులాబీ హార్డెనర్ క్షారానికి ముదిరి నల్లబడుతుంది. రెసిన్ ఎంత తెల్లగా నిలిచినా కస్టమర్ కంటికి అదంతా ‘పచ్చబడటమే’. అందుకని ఆర్డర్ తీసుకునేటప్పుడే ఎండిన పూలున్న పాత బ్లాకును చేతికిచ్చి చూపిస్తున్నారు. ‘రంగు మారదు’ అన్న వాక్యాన్ని బిల్లు మీద నుంచి తీసేసి, ‘నేరుగా ఎండ తగలని చోట ఉంచాలి’ అని వేశారు. బిస్ఫినాల్-ఎ, అమీన్ కలిసిన ఏ ఎపాక్సీ అయినా ఎప్పటికో ఒకప్పటికి కొంత పచ్చబడుతుంది. దాన్ని ఎన్నేళ్లు వెనక్కి నెట్టగలమన్నదే ఎంపిక.

ప్రతి పోత నుంచీ ఒక చిన్న బిళ్ల తీసి, తేదీ, హార్డెనర్ సీసా నంబరు రాసి, సగం టేపు వేసి కిటికీ గట్టున వరుసగా పెడుతున్నారు. ఫిర్యాదు వస్తే ముందు ఆ బిళ్లను చూస్తారు. బిళ్ల తెల్లగా ఉండి బ్లాకు పచ్చబడితే పూలనో, పోత మందాన్నో, పెట్టిన చోటునో అడగాలి. బిళ్లలో టేపు కింది సగం కూడా పచ్చబడితే తూకమో, హార్డెనరో.

గేటుకు తగిలించే నేమ్ బోర్డులకు మాత్రం ఎపాక్సీ ఆర్డర్లు ఆపేశారు. రోజంతా ఎండ, వాన తగిలే చోట క్లియర్ కోట్ కూడా కొన్నేళ్లకు పొరలు లేస్తుంది, విప్పి మళ్లీ వేసే ఓపిక ఏ ఇంటివాళ్లకూ ఉండదు. వాటిని ఇప్పుడు అక్రిలిక్ షీటు మీద కోయించి ఇస్తున్నారు.